నెమ్మదించిన దూడ

ఆళ్లగడ్డ, మంగళవారం రాత్రి

కాలేజీలో చదివిన నాకు గొడ్ల సంగతి తెలియదని నాయన లెక్క. చిన్న కోడెదూడ నిన్నటి నుంచి తోక ఎత్తి ముక్కుతోంది, ఉచ్చ చుక్క కూడా రావడం లేదు. పేడ పడక అవస్థ పడుతోందని ఆముదం తాగించాడు. ఉచ్చదారిలో రాయి అడ్డుపడి ఉంటుందని, నంద్యాల పశువుల డాక్టరు పొట్టకు చిన్న గాటు పెట్టి మూత్రసంచిలోకి గొట్టం వేస్తాడని చెప్పాను.

"కడుపు కోసినాక అది కాడి మోస్తాదా?" అన్నాడు.

సాయంత్రం దూడ ముక్కడం ఆపి పడుకుంది. నాయన దాని గంగడోలు నిమిరి నవ్వాడు. "సూడు మ్మే, నెమ్మదించింది. నువ్వు ఊరికే రచ్చ చేస్తాండావ్."

దాని కింద గడ్డి మాత్రం పొడిగానే ఉంది. డాక్టరుకు ఫోన్ చేశాను. ఉచ్చ పోయకుండానే నొప్పి తగ్గిందంటే మూత్రసంచి పగిలి ఉండొచ్చన్నాడు. బతుకుతుందని మాట ఇవ్వలేనన్నాడు, అయినా ఇప్పుడే తెమ్మన్నాడు.

అదే చెబితే నాయన "తెల్లారి సూద్దాంలే" అని అటు తిరిగి పడుకున్నాడు. దూడ చెవులు చల్లబడ్డాయి. దారిలోనే పోతుందేమో... పోతే చంపింది నేనే అంటారు.

ట్రాలీ ఆటో ఖాదరన్నను రమ్మన్నాను. నాయనను అడగను. దూడను నంద్యాలకు తీసుకుపోతున్నాను.