మద్దెల నిజంగానే ఓడు

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి పింకీకి,

దేవుని కృప నీకు తోడుగా ఉండాలని ప్రార్థిస్తూ నాన్న రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. విశాఖలో నువ్వూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. అమ్మ మోకాలు నెమ్మదించింది, చర్చికి నడిచే వస్తోంది. రేపల్లె అత్తయ్య నీకోసం ఎండు రొయ్యలు పంపింది. హాస్టల్లో వాసనకి గోల చేస్తారని అమ్మ పార్సిల్ ఆపింది.

"మన ఇంట్లో ఎవరికైనా చేతుల వణుకు ఉందా నాన్నా, డాక్టరు గారు అడుగుతున్నారు" అని రాశావు. ఎవరికీ లేదు తల్లీ. మీ తాతయ్య ఎనభయ్యో ఏట కూడా సూదిలో దారం తనే ఎక్కించుకునేవాడు. నీకూ లేదు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే నువ్వే "పర్లేదులే నాన్నా" అంటావు. అది వినే మొహం నాకు లేదు. అందుకే కాగితం తీశాను.

తెనాలిలో నీ రైఫిల్ పోటీకి ముందు రోజు శనివారం. నా సంగతి తెలుసు కదా, మర్నాడు వెళ్ళేది పోటీకే అయినా, అలవాటుగా ఆరాధనకని ఇంటిల్లిపాది బూట్లూ చెప్పులూ మెరిపించందే నాకు తోచదు. అవి అయ్యాక క్లబ్బుకి వెళ్ళాను. తుపాకుల గది తాళం అప్పుడు నా దగ్గరే ఉండేది. మిలిటరీలో పద్దెనిమిదేళ్ళు బారెల్ అద్దంలా లేకపోతే తిట్లు తిన్నవాణ్ణి. నీ పాయింట్ టూటూ రైఫిల్ తీసి, నూనె వేసి, బ్రష్షుతో లోపలంతా తళతళలాడేదాకా తోమాను. బిడ్డ పోటీకి వెళుతోందని ముచ్చటపడ్డాను. నీతో మాత్రం చెప్పలేదు.

మన కోచ్ రవిశంకర్ గారు నెల ముందే హెచ్చరించారు. "పెద్ద తుపాకీ లెక్క వేరు, దీని లెక్క వేరండి సుందరయ్యగారూ. దీని తూటా మీద మైనం ఉంటది. అది బారెల్ లోపల పూతలాగా పడితేనే తూటాలన్నీ ఒకచోట తగులుతాయి. పోటీ ముందు తోమమాకండి" అన్నారు. విని ఊరుకున్నాను. నాకు తెలియని తుపాకీనా అనుకున్నాను.

పోటీ రోజు పొద్దున నువ్వు గురి సరిచూసుకోవడానికి కాల్చినవన్నీ పైకి పోయాయి. సైటు కిందికి తిప్పుకున్నావు. అసలు పోటీ మొదలయ్యాక బారెల్‌లో మైనం మళ్ళీ పట్టేకొద్దీ తూటాలు కిందికి దిగిపోయాయి. అయిపోయాక నా దగ్గరికే వచ్చావు. "నాన్నా, నా రైఫిల్ ఎవరన్నా ముట్టుకున్నారా? ఏంటిది, ఇట్టా కొడతంది?" అన్నావు.

అప్పటికే నాకు అర్థమైంది. చుట్టూ క్లబ్బు వాళ్ళంతా ఉన్నారు. తుపాకీ తెలిసిన మనిషి అన్న పేరు పోతుందని భయపడ్డాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. చెయ్యి వణికింది, ఒప్పుకో" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు నీ చేతి వంక చూసుకున్నావు.

ఆ ఒక్క మాటకి నాలుగు నెలలుగా రైఫిల్ ముట్టలేదు నువ్వు. ఇప్పుడు వణుకు తగ్గే మాత్రలు మొదలుపెడతానంటున్నావు. అవి మన ఆటలో నిషేధమని నీకు తెలుసు. అంటే ఆటే వదిలేద్దామనుకున్నావన్నమాట. లేని జబ్బుని నీకు అంటగట్టింది నేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను పింకీ.

శుక్రవారం రవిశంకర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన వెంటనే తుపాకుల గది తీయించారు. నీ రైఫిల్‌ని ఇసక సంచుల మీద ఆనించి, సైటు కదపకుండా, తోమకముందు పది, తోమాక ఇరవై కాల్చారు. తూటాలు పడ్డ రెండు కార్డులూ ఇందులో పెడుతున్నాను. మొదటిదాంట్లో పదీ రూపాయి బిళ్ళ కింద ఇమిడిపోతాయి. రెండోదాంట్లో ముందువి పైన పడి, తర్వాతవి మెల్లగా నడిమికి దిగాయి. ఇసక సంచులకి చేతులు లేవు తల్లీ, వణకడానికి.

గది తాళం ఆయనకే ఇచ్చేశాను. మీ అమ్మకీ చెప్పాను. రెండు రోజులుగా కంచం పెట్టి వెళ్ళిపోతోంది.

ఆ రోజు నవ్వినవాళ్ళందరికీ చెప్పాలి. "ఫోన్లు చేసి చెప్పెయ్యండి, బరువు దిగిపోద్ది" అన్నారు రవిశంకర్ గారు. నేను వద్దన్నాను. నువ్వు లేనప్పుడు చెప్పడం నాకు సులువు. నిన్ను పదిమందిలో నిలబెట్టి అన్నాను, నువ్వు చూస్తుండగా ఆ పదిమందిలోనే తల దించుకోవాలి. రెండో శనివారం అందరూ క్లబ్బుకి వస్తున్నారు. ఆ మాత్రలు వేసుకోకుండా నువ్వూ రా.

ఇట్లు,
నీ చేతిమీద నింద మోపిన
మీ నాన్న