రెండు అంగుళాలు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. బొగ్గు బాయిల నీ ఉద్యోగం నాకిచ్చి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టుల వేసిండ్రు. నువ్వు బాయికి పోయినట్టు తారురోడ్డు మీద పోవుడు కాదు, తొవ్వంత రాళ్లే. నీ బండేమో కిందికి ఉండె. రోజూ ఇంజను అడుగు రాళ్లకు తాకుతుంటే, స్ప్రింగులు కుంగినా పట్టించుకోలేదని నిన్నే తిట్టుకున్న.

నిన్న డ్యూటీ దిగి మన మెకానిక్ కాక దగ్గరికి పోయిన. ముందు ఫోర్కులల్ల ముక్కలేసి, వెనుక పొడుగు షాకబ్జర్లు పెట్టి బండిని రెండు అంగుళాలు లేపిండు. పాత షాకబ్జర్లు నా చేతుల పెట్టి అన్నడు:

"ఇవి చిన్న బండివిరా. పెండ్లాం కాలు లేస్తలేదని, బండి కిందికి దిగాలని మీ బాపే ఏయించుకున్నడు. మీ అవ్వకు చెప్పొద్దన్నడు. బండి ఎక్కగలిగితే మోకాలు మంచిగైందని మురుస్తదట."

నాకు దిమాక్ పని చేస్తలేదు బాపూ. నాకన్న చెప్పొద్దా?

పొద్దున అవ్వ పూలు పట్టుకొని నీ సమాధి కాడికి పోదామని వచ్చింది. సీటు పట్టుకొని కాలు లేపింది, అందలే. మళ్ల లేపింది. అరుగు మీద కూలబడి మోకాలు ఒత్తుకుంట అడిగింది:

"మొన్నటిదాక మంచిగనే ఎక్కితిని. మీ బాపుతోనే నా కాలు కూడా పోయిందా బిడ్డా?"

నీ కాలుకు కొత్తగ ఏం కాలేదవ్వా అనాలంటే, నువ్వు దాచింది చెప్పాలె. ఇద్దరం ఆటోల వచ్చి నీ ముందే నిలబడ్డం. ఆమె ఇంకా మోకాలు ఒత్తుకుంటనే ఉన్నది.

చెప్పాల్నా బాపూ?