ట్యూనా డబ్బా, గోడవతల చేపల గుంట

ఆదివారం, పెద్దమందడి.

"గుంట తవ్వుకోనియ్యి అన్నా, ఆదివారమాదివారం కొర్రమీను నీ ఇంటికే తెస్త" అని తమ్ముడు ఇంటి వెనక నా పొలం తీసుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఒక్క పొలుసు రాలేదు.

గుండె డాక్టరు నూనె తగ్గించి చేప తినమన్నాడని కోడలు వనపర్తి నుంచి ట్యూనా డబ్బా తెచ్చింది. మూత తీయగానే నీచు వాసన. ఉడికిన చేపనే పచ్చి చేపలా ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగింది. సగం మోరీలో పోయింది. మిగిలిన ముద్దలో ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపి జొన్నరొట్టెతో పెట్టింది.

"గిది పిల్లి గూడ ముట్టదు."

"పిల్లికి గుండెజబ్బు లేదు గదా మామా! జర తినుండ్రి."

తిన్నాను. గోడవతల గుంటలో చేపలు ఎగురుతున్న చప్పుడు. అడిగితే ఇస్తాడేమో. అడగను. ఈ నీచు నా నోట్లో పెట్టింది కోడలు కాదు, నా తమ్ముడు బాలకిష్టయ్య.