ఏది ముందు, ఏది తర్వాత

అక్కా,

నీకూ బావగారికీ వందనాలు. ప్రభువు కృపలో ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నారని తలుస్తాను. నువ్వు పదేళ్ళు నడిపి నా చేతిలో పెట్టిన చిన్నపిల్లల సండే స్కూలు మానేద్దామనుకుంటున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ఇరవై రెండు మంది, అందరూ ఆరేళ్ళలోపు వాళ్ళే. ఒకడు కుర్చీ ఎక్కుతాడు, ఒకతె పక్కదాని జడ లాగుతుంది. కింద ఆరాధన జరుగుతుంటే పైన మా గది సంతలా ఉంటోందని సంఘపెద్ద అందరి ముందూ అన్నారు. "నెలాఖరుకి దారిలో పెట్టమ్మా, లేదంటే ఆ క్లాసు ఆపేద్దాం" అన్నారు. ఆ ఉక్రోషంతో పోయిన ఆదివారం బల్ల మీద డస్టరుతో కొట్టి, గొంతు చించుకుని అరిచాను. గదంతా బిగుసుకుపోయింది. కుట్టుపని చేసే ఆవిడ మనవరాలు, అందరం పిచ్చుక అని పిలిచే పిల్ల, వణుకుతూ, "టీచర్, దేవుడు కూడా ఇలాగే అరుస్తాడా?" అని అడిగింది.

బైబిలు చేతిలో పట్టుకుని నేను వాళ్ళకు నేర్పింది భయం. ఇంక ఆ గదిలో అడుగుపెట్టే ముఖం నాకు లేదు.

నీ చెల్లి


అక్కా,

"మానెయ్యి. కానీ ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పి మానెయ్యి" అని రాశావు. వెళ్ళాను. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని, "పర్లేదు టీచర్, సూది దొరక్కపోతే మా నాయనమ్మ కూడా అరుస్తుంది" అంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంటికొచ్చి ఆదికాండం మొదటి అధ్యాయం తెరిచాను. ఎన్నిసార్లు చదివానో, ఇది మాత్రం ఎన్నడూ తట్టలేదు: దేవుడు చోటు సిద్ధం చేశాకే దేన్నయినా చేశాడు. ఆదివారం గంట ముందే వెళ్ళి గది ఊడ్చి, ఒక్కొక్కరికీ ఒక చాప పరిచాను.

"నీళ్ళు లేకుండా చేపల్ని చేసుంటే?" అని అడిగాను.

"గిలగిల కొట్టుకుని చచ్చిపోతాయి!"

"గడ్డి మొలవకముందే ఆవును చేసుంటే?"

"ఆకలేసి అంబా అంటుంది."

"మరి మనల్ని చివర్లో ఎందుకు చేశాడు?"

పిచ్చుక, "మనం వచ్చేసరికి ఇల్లు సర్దిపెట్టాడు" అంది.

అక్కా, క్రమం అంటే నోరు మూయించడం కాదని ఆ పసిదాని నోట విన్నాను. ఆ రోజు నుంచి వారానికి ఇద్దరు ముందుగా వచ్చి, వెనక వచ్చేవాళ్ళ కోసం చాపలు పరుస్తున్నారు. తన చోటు తనకుందని తెలిసిన పిల్ల ఇంకొకళ్ళని తొయ్యదు.

నిన్న నెలాఖరు ఆదివారం. సంఘపెద్ద చేతికర్ర టకటకలాడిస్తూ మెట్లెక్కి వచ్చారు. పిల్లలు పాట ఆపలేదు. ఒక పాప మాత్రం లేచి, "తాతయ్యా, కర్ర ఆ మూల పెట్టాలి. మీ చాప ఇది" అని చూపించింది. ఆయన బుద్ధిగా కర్ర మూలన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, పాఠమంతా విన్నారు.

తర్వాత కింద అందరి ముందూ, "ఆపమన్నది నేనే. నాది తప్పు. క్రమం నేర్చుకోవాలంటే పెద్దలం మనమే పైకెళ్ళాలి" అన్నారు.

వచ్చే వారం నుంచి పెద్దపిల్లల క్లాసు కూడా నన్నే చూడమన్నారు. వెనకాముందూ చూడకుండా సరేనన్నాను. వాళ్ళలో సగం మందికి మీసాలొస్తున్నాయి. నాకోసం గట్టిగా ప్రార్థన చెయ్యి.

సంతోషం పట్టలేని
నీ చెల్లి