మూడో బెజ్జం

కెలమంగలం,
మంగళవారం, మధ్యాహ్నం.

చెల్లెలు తమిళ్‌సెల్వికి,

నా పేరు మునివెంకటమ్మ. చెప్పులు కుట్టే తిమ్మయ్య భార్యను. ఆధార్ కార్డులో నా వయసు అరవై ఎనిమిది అని ఉంది, అది నమ్మవద్దు. డెబ్బై దాటి చాలా కాలమైంది. కెలమంగలంలో పట్టుపురుగుల లక్ష్మణప్ప షెడ్డును ఆనుకొని ఉన్న రెండు గదుల ఇల్లు మాది. లోపలి గదిలో నేనూ నా కొడుకు యతీశూ ఉంటాం. ముందు గదిలో నందిత అద్దెకుంటుంది. ఆంధ్రా నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో పని చేస్తోంది. నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తున్నది ఆ పిల్లే. నాకు అక్షరం ముక్క రాదు. నీకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. కాబట్టి జూజువాడి చెక్‌పోస్టు దగ్గర నీ అంగట్లో టీ తాగే ఆంధ్రా లారీ డ్రైవరు ఎవరిచేతనైనా చదివించుకో. గట్టిగా చదవమను. నలుగురూ విన్నా నాకు భయం లేదు. నీకు ఉంటే నువ్వే చూసుకో.

"అవ్వా, మొదట్లోనే ఇంత కోపమైతే ఆమె చివరిదాకా వింటుందా?" అంటోంది నందిత.

"నువ్వు రాయి తల్లీ. అది వింటాది. నా చేతి ముద్ద తినింది అది." ఈ మాట కూడా రాయమన్నాను.

మా ఆయన పోయాక కొట్టులోని సామానంతా యతీశ్ గోనెసంచిలో వేసుకొచ్చాడు. ఆ కొట్టు నీ టీ అంగడి పక్కనే కదా, నువ్వే దగ్గరుండి సర్ది ఇచ్చావట. ఆ సంచి మూతి విప్పడానికి నాకు నెలల తరబడి చేతులు రాలేదు. ఏడాది తిథి దగ్గర పడుతోందని మొన్న విప్పాను. మా వాళ్ళలో పనివాడి తిథికి ఆయన పనిముట్లు కడిగి, పటం ముందు పెట్టి, భార్య దీపం వెలిగించాలి. కత్తి కడిగాను, తోలు పొడిచే ఆరె కడిగాను, సుత్తి కడిగాను. మోకాటి పట్టీ చేతికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ పట్టీ సంగతి నీకు తెలియదనుకొని చెబుతున్నాను. తెలిసే ఉంటే విని సిగ్గుపడు. మనిషి కాలి కొలతకు చెక్కిన కొయ్యపాదానికి తొడిగిన జోడును తొడ మీద పెట్టుకుంటాం. దాని మీదుగా ఈ తోలు పట్టీ వేసి, కింద అరికాలితో తొక్కి పడతాం. కాలు అదిమి ఉన్నంతసేపు జోడు కదలదు, రెండు చేతులూ కుట్టుకు ఖాళీగా ఉంటాయి. మనిషి కాలు ఎంత పొడవో పట్టీ అంతే ఉండాలి, ఒకరిది ఇంకొకరికి కుదరదు. మా పట్టీకి బిగించే బకిలు ఒకటి, దాని ముల్లు దిగే బెజ్జాలు రెండు. చివర ఉన్నది ఆయనది, లోపలిది నాది. పెళ్ళయిన కొత్తలో ఆరెతో పొడిచి, "ఇది నా ఇల్లు, ఇది నీ ఇల్లు" అన్నాడు. ఆయన కుట్టేవాడు. ఆయన అన్నానికి లేస్తే ఆ చోట్లో నేను కూర్చొని కుట్టేదాన్ని. పట్టీ రాసుకున్న నల్లచార నా తొడ మీద ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆ పట్టీకి మూడు బెజ్జాలున్నాయి. ఆయనదానికీ నాదానికీ నడుమ ఇంకొకటి. నిన్నా మొన్నా పొడిచింది కాదు. అంచులు సాగి, బకిలు తుప్పు అంటుకొని, నున్నగా అరిగి ఉంది. ఎవరో చాలా కాలం అందులో కాలు పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో నేను జూజువాడి రావడం మానేసిన తర్వాత జరిగిన పని ఇది. ఆ కొట్టుకు అటు గోడ, ఇటు నువ్వు. గోడకు మోకాలు లేదు.

ఇంకో సాక్ష్యం ఉంది. సంచి అడుగున ఆడదాని కొయ్యపాదాలు ఒక జత దొరికాయి. ఒకదాని మీద జోడు పూర్తయింది. మెత్తటి మేకతోలు, లోపల మల్లుగుడ్డ. రెండోది సగం కుట్టి ఉంది. ఆ పాదాలను వెలుతురుకు పట్టి చూశాను. మడమ చాపలా పరుచుకొని ఉంది. బొటనవేలి పక్క ఎముక పొంగిన చోట తోలుముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి గడ్డలా లేపాడు, జోడు ఆ ఎముకను నొక్కకూడదని. ఇంత వికారమైన కాలు మా ఇంట్లో వేలాడే ఏ కొయ్యపాదంలోనూ చూడలేదు. నువ్వు ఎప్పుడూ టీ బల్ల వెనకే నిలబడతావు, నీ కాళ్ళు నేను చూసింది లేదు. ఆ గడ్డ నీదేనా? నాకు ఆయన కుట్టింది పెళ్ళినాటి జోడు ఒక్కటే. దాని కొయ్యపాదం మా దూలానికి ఇంకా వేలాడుతోంది. సన్నగా, చూడముచ్చటగా ఉంటుంది. నా కాలు అది.

పగటిపూట నిద్ర గురించి కూడా రాయి అన్నాను నందితతో. అన్నం తిని గోడకు చేరబడతాను. షెడ్డులో పురుగులు మల్బరీ ఆకు మేస్తుంటే ఎండలో వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ వానలో కళ్ళు మూతలు పడతాయి. దూలానికున్న కొయ్యపాదాలు ఒక్కొక్కటే దిగి నడుస్తాయి. మామిడితోట కాపలా మారియప్పవి, పాలమ్మే తిమ్మమ్మవి, పోయినవాళ్ళవీ ఉన్నవాళ్ళవీ కలిసి, గడప మాత్రం దాటకుండా ఇల్లంతా తిరుగుతాయి. వాటిని నేను అదిలించను. చివరికి ఆయనవి వచ్చి నా పక్కన ఆగుతాయి. సరిగ్గా అప్పుడు ఒక మోకాలు వస్తుంది. మొహం లేదు, చీర లేదు, మోకాలు ఒక్కటే. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంటుంది. పట్టీ దానంతట అదే లేచి దాని మీద పడుతుంది. "యాడ నుంచి వచ్చినావు నువ్వు?" అంటాను. వాన ఎక్కువవుతుంది. మెలకువ వచ్చేసరికి నా తొడ మీద చార మండుతూ ఉంటుంది.

నాకు ఆ మోకాలికి మొహం కావాలి. ఈ సంతరోజు కెలమంగలం రా. మా ఇంటి పీట మీద కూర్చొని పట్టీలో కాలు పెట్టు. బకిలు ఎక్కడ పడుతుందో నా కళ్ళతో చూస్తాను. మూడో బెజ్జంలో పడిందా, పట్టీని పొయ్యిలో వేస్తాను, ఆయన పటం ముందు దీపం వెలిగించను. ఊరంతా ఏమన్నా అనుకోనీ. నువ్వు రాకపోతే అందులో పడినట్టే లెక్క.

ఇట్లు చెప్పి రాయించినది,
మునివెంకటమ్మ, ఎడమచేతి వేలిముద్ర.
చూసినవాళ్ళు: నందిత, లక్ష్మణప్ప.


కెలమంగలం,
సంత మరునాడు.

నా తల్లీ తమిళ్‌సెల్వీ,

నేను అదే మునివెంకటమ్మను. ఇల్లు అదే. రాస్తున్నదీ నందితే. ఈసారి లారీ డ్రైవరు వద్దు, యతీశ్ వచ్చి చదివి వినిపిస్తాడు. పోయిన ఉత్తరాన్ని నెల్లూరు డ్రైవరు గొంతు సవరించుకొని అంగడంతా వినేటట్టు చదివాడనీ, 'వికారమైన కాలు' దగ్గర ఆగి నీ బల్ల కిందికి తొంగి చూశాడనీ నువ్వు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. నీకు కనబడకుండా మింగేశాను.

నిన్న జరిగింది రాయిస్తున్నాను. తప్పుంటే దిద్దు. నువ్వు ఎండలో బస్సు దిగి వచ్చావు. నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. పీట చూపించాను, కూర్చున్నావు. పట్టీ నేనే వేసి, నేనే లాగాను. బకిలు ముల్లు వెతుక్కోకుండా మూడో బెజ్జంలోకి దిగింది.

"నీదేనా?" అన్నాను.

"నాదేనక్కా," అన్నావు.

"సిగ్గు లేదూ ఆ మాట చెప్పేదానికి?"

"సిగ్గెందుకక్కా? అన్నకు కాలు పలకలేదు. నా కాలు ఇచ్చినాను."

ఆ తర్వాత నువ్వు చెప్పింది నేను ఇలా విన్నాను. షుగరు వచ్చి ఆయన అరికాలికి నేల తెలియడం మానేసింది. పట్టీ తొక్కుతున్నాననే అనుకునేవాడు గాని కాలు అదిమేది కాదు. జోడు తొడ మీంచి జారి రోడ్డు మీద పడేది. లారీలు పలచబడే వేళ నువ్వు ఆయన ఎదురుగా పీట వేసుకొని, జోడును నీ తొడ మీద పెట్టుకొని, నీ కాలితో తొక్కి పట్టేదానివి. ఆయన ముందుకు వంగి కుట్టేవాడు. ఆరె జారి దిగిన మచ్చలు మోకాటి పైన చూపించావు. వాటిని వేలితో తడిమి చూశాను. ఆరె మచ్చలే.

"నాకెందుకు చెప్పలేదే?"

"అన్న ఒట్టు వేయించుకున్నాడక్కా. 'నా కాలు సంగతి తెలిస్తే అది నన్ను ఇంట్లో కూర్చోబెట్టి, తానొచ్చి ఈడ కుట్టేదానికి కూర్చుంటాది. దాని మోకాళ్ళు చూసినావా నువ్వు?' అన్నాడు."

నిజమే. నేను అదే చేసి ఉండేదాన్ని.

"మరి ఆ జోడు? అదీ ఒట్టేనా?"

నువ్వు చెప్పు విడిచి నీ కాలు కొయ్యపాదం పక్కన పెట్టావు. "నాది కీరదోసకాయ మాదిరి పొడుగు. దీంట్లో పట్టేదేనా చెప్పు."

"మరి ఏ వికారపుదాని కాలే ఇది?"

అప్పుడు నువ్వు నవ్వావు. సంచిలోంచి కాగితం పొట్లం తీసి పీట మీద పెట్టి, "కొట్టులో మూలన పడి ఉంటే దాచి పెట్టినానక్కా. నేను పోయినాక చూడు, నా ముందర వద్దు," అని బస్సుకు వెళ్ళిపోయావు.

పొద్దు వాలేటప్పుడు గడప మీద కూర్చొని పొట్లం విప్పాను. నా పాత హవాయి చెప్పు. ఎత్తుకుపోయిందని లక్ష్మణప్ప కుక్కను నెలరోజులు తిట్టాను చూడు, ఆ చెప్పు. బొటనవేలు తొక్కిన గుంట, పక్కన ఎముక నొక్కి నొక్కి అంచు విరిగిన చోటు, మడమ పరుచుకున్న పల్లం. కొయ్యపాదాన్ని దాని మీద నిలబెట్టాను. ఎక్కడా వెలితి లేకుండా కూర్చుంది. కుక్క కాదు, కొలతకని ఆయనే ఎత్తుకుపోయాడు.

తమిళ్‌సెల్వీ, మన కాళ్ళను మనం ఎప్పుడైనా చూసుకుంటామా? నేను కూర్చొని చూసుకున్నాను. గడ్డ ఉంది. మడమ చాపలాగే ఉంది. ఇన్నేళ్ళూ దూలం మీద వేలాడే ఆ సన్నటి కొయ్య నా కాలనే అనుకుంటూ వచ్చాను. ఆయన మాత్రం రోజూ బస్సు దిగి వచ్చి, మంచం మీంచి వేలాడే ఈ కాళ్ళను చూస్తూ ఉన్నాడు. నేను జూజువాడి రావడం మానేసింది మోకాళ్ళ వల్లనని నేను అన్నాను. కాళ్ళ వల్ల కూడానని ఆయన కనిపెట్టాడు.

పూర్తయిన జోడులో కాలు పెట్టాను. ఎక్కడా నొక్కలేదు. కింద నేల ఉందో లేదో తెలియలేదు. ఆయన అరికాలికి చివరి రోజుల్లో ఇట్లాగే ఉండేదేమో. షెడ్డులో వాన మొదలైంది. ఒంటి జోడుతో ఇల్లంతా తిరిగాను. పైన కొయ్యపాదాలు గాలికి కదులుతున్నాయి, ఈసారి అవి దిగలేదు, నేనే నడిచాను. ఈ మధ్యాహ్నం కునుకులో మోకాలు మళ్ళీ వచ్చింది. దానికి నీ మొహం ఉంది. టీ గ్లాసు పట్టుకొని ఉన్నావు. "జరుగు" అని నీ పక్కన కూర్చున్నాను.

అట్లాగని నా ఫిర్యాదును కొట్టేయడం లేదు. ఆయన కాలు చచ్చుబడిన సంగతి నాకు తెలియాల్సింది, నీకు తెలిసింది. అది నేను క్షమించను.

"అట్లాగే రాయనా అవ్వా?" అంటోంది నందిత.

"అట్లాగే రాయి. దానికి తెలుసు."

కాలిని గురించి అన్న మాట ఒక్కటే వెనక్కి తీసుకుంటున్నాను. అన్నదీ నేనే, పడిందీ నేనే. నెల్లూరు డ్రైవరుకు కూడా చెప్పు, బల్ల కింద వెతకడం మానుకుంటాడు.

రెండో కాలి జోడు ఇంకా సగంలోనే ఉంది. ఆయన కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడ దారం ఇంకా వేలాడుతోంది. కుట్టడం నా చేతులు మరిచిపోలేదు. పట్టీ తొక్కడానికే నా మోకాలు ఒప్పుకోదు. తిథికి ముందు ఒక పూట అంగడి మూసి రా. ఈసారి నీళ్ళిస్తాను, అన్నమూ పెడతాను. నువ్వు పట్టు, నేను కుడతాను. ఆరె జారితే అరవవద్దు. తిథి నాడు దీపం నేనే వెలిగిస్తాను. మర్నాడు ఆ జోళ్ళు వేసుకొని బస్సెక్కి నీ అంగట్లో టీ తాగడానికి వస్తాను. చక్కెర తక్కువ వెయ్యి.

పట్టీ కడిగి గోడ మేకుకు తగిలించాను. బకిలు మూడో బెజ్జంలోనే ఉంది, జరపలేదు.

నీ అక్క,
మునివెంకటమ్మ, ఎడమచేతి వేలిముద్ర.
పక్కనుండి విన్నవాళ్ళు: రాసిన నందిత, కుక్కను తిట్టినందుకు నా క్షమాపణ విన్న లక్ష్మణప్ప, కొడుకు యతీశ్.