డబ్బిచ్చిన మొహం

ఫొటో స్టూడియో ఓనరుగారికి నమస్కారం.

మీ షాపుకి ఎప్పుడొచ్చినా తాళమే పలకరిస్తోంది. అందుకే ఈ ఉత్తరం షట్టరు కిందనుంచి తోస్తున్నా. నేనెవరో గుర్తుందిగా? మా అక్క పెళ్ళికి ఫొటోలు తియ్యమని డబ్బంతా ముందే మీ చేతిలో పెట్టినోణ్ణి. నాన్న పెళ్ళిపనులన్నీ అందరికీ పంచి, నాకు ఫొటోల పనొక్కటే ఇచ్చాడు. "ఇదన్నా సరిగ్గా ఏడువు" అన్నాడు. మీరు రాలేదు. అక్క దగ్గర తన పెళ్ళి ఫొటో ఒక్కటీ లేదు, ఇంట్లో నా మొహం చూసేవాళ్ళూ లేరు. ఆదివారంలోపు డబ్బు వెనక్కి రావాలి. వస్తుంది, నాకు తెలుసు.

ఇట్లు,
పెళ్ళికూతురి తమ్ముడు

తా.క.: నేను బైకుల మెకానిక్ షెడ్డులో పనిచేస్తా. మీ స్కూటరు అక్కడికే వస్తుంది. బ్రేకులు బాగున్నాయా?

*

చిరంజీవి తమ్ముడికి,

కెమెరా బాగుచేయించడానికి వెళ్ళి ఇవాళే వచ్చా. రాలేదంటావేంటయ్యా? పొద్దున్నే వచ్చా! రోజంతా నీ పక్కనే ఉన్నా. "కాస్త జరగండి" అని నన్ను రెండుసార్లు తోశావు కూడా. ఆల్బం తయారవుతోంది. అట్టకి ఇంకొంచెం డబ్బు పంపు.

నీ మేలుకోరే,
ఫొటోగ్రాఫరు

తా.క.: బ్రేకులు కీచుమంటున్నాయి. తీరిగ్గా చూద్దువుగాని.

*

ఫొటోగ్రాఫరుకి ("గారు" తీసేశా, డబ్బిచ్చాక మళ్ళీ పెడతా),

అబద్ధమాడినా అతికినట్టుండాలి. అక్కనడిగా, బావనడిగా, ఆఖరికి వంటాయన్ని కూడా అడిగా. కెమెరా పట్టుకున్న మనిషిని ఎవరూ చూళ్ళేదు. మీరొస్తే లోపలికి తీసుకురమ్మని బావ తన చుట్టాల్లో ఒకర్ని గుమ్మం దగ్గర పెట్టాడంట. వాళ్ళూ రాలేదనే చెప్పారంట. ఇంతమందీ గుడ్డోళ్ళా? నిజంగా వచ్చుంటే పెళ్ళికొడుకు ఫొటో ఒక్కటి పంపండి చూద్దాం.

ఇట్లు,
డబ్బు పోగొట్టుకోనివాడు

తా.క.: మా ఓనరు మీ స్కూటరు సంగతి అడిగాడు. "దాన్ని నాకొదిలెయ్యండి" అన్నా.

*

తమ్ముడూ,

ఇదిగో, ఫొటో పెట్టా. అటు పెళ్ళికొడుకు, ఇటు పెళ్ళికూతురు, వెనకాల పళ్ళికిలిస్తూ నువ్వు. ఇంకేం కావాలి నీకు?

ఇట్లు,
నిజాయితీగల ఫొటోగ్రాఫరు

తా.క.: నీ పక్కన ఆకుపచ్చ డ్రెస్సు అమ్మాయి మీ ఇంటి పిల్లేనా? ఏ ఫొటో చూసినా ఇద్దరూ ఉన్నారు.

*

ఓ మహానుభావా,

ఆ పెళ్ళికొడుకెవరు? మా బావకి బారెడు మీసం ఉంది, ఈయనకి నున్నగా గీసేసుంది! అది పై హాల్లో పెళ్ళి. మాది కింద హాలు. గుమ్మం మీద అంత బోర్డుంటే కళ్ళెక్కడ పెట్టుకున్నారు? నేను పైకెళ్ళింది కుర్చీలు అడగడానికి. రెండంటే రెండు నిమిషాలు. డబ్బు రేపే కావాలి.

ఇట్లు,
కింద హాలువాడు

తా.క.: ఆ అమ్మాయెవరో నాకు తెలీదు. ఆ ఫొటో ఇంకో కాపీ ఉంటే పంపండి. సాక్ష్యానికి.

*

తమ్ముడూ,

బోర్డు నాకెందుకు? పెళ్ళికొడుకు మొహం నాకు తెలీదు, పెళ్ళికూతురి మొహం తెలీదు. నాకు తెలిసింది డబ్బిచ్చిన మొహం ఒక్కటే. ఆ మొహం ఎక్కడుంటే అదే పెళ్ళి, ఇన్నేళ్ళూ నా పని ఇలాగే నడిచింది. నువ్వు మెట్లెక్కావు, నీ వెనకే ఎక్కా.

కుర్చీలకెళ్ళావా? ఆ అమ్మాయికి మంచినీళ్ళు తెచ్చావు. ఎవరో తాతగారి కళ్ళజోడు వెతికిపెట్టావు. వాళ్ళ చుట్టాలందర్నీ వరసలో నిలబెట్టి "నవ్వాలి, నవ్వాలి" అని అరిచావు. కుర్చీ మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు. నన్ను చూళ్ళేదంటే నమ్ముతాలే, ఆ రోజు నీకు ఆకుపచ్చ రంగు తప్ప ఇంకోటి కనపడితేగా!

అయినా ఒకరి డబ్బు నాకొద్దు. పై హాలువాళ్ళకి చూపిస్తే ఫొటోలన్నీ కొంటామన్నారు. వాళ్ళిచ్చింది నీకే పంపిస్తా.

నీ వెనకాలొచ్చిన పాపానికి,
ఫొటోగ్రాఫరు

తా.క.: వాళ్ళు ఒక్కటే అడిగారు, "ఈ ఇద్దరూ ఎవరండీ?" అని. నీ గురించంటే సరే. ఆ అమ్మాయి కూడా వాళ్ళకి తెలీదంట!

*

అన్నయ్యగారికి ("గారు" తిరిగొచ్చింది, చూస్కోండి),

మీ ఉత్తరం చదివి, ఇక లాభం లేదని ఫొటో తీసుకెళ్ళి ఇంట్లో అందరి ముందూ పెట్టేశా. నాన్న చెప్పు కోసం వంగాడు. ఈలోపు బావ ఫొటో లాక్కుని, "ఒరే, ఇది మా పిన్ని కూతురు కదరా!" అన్నాడు.

మిమ్మల్ని లోపలికి తీసుకురమ్మని గుమ్మం దగ్గర పెట్టింది ఈ అమ్మాయినే! పిలిపించి అడిగారు. "ఫొటోగ్రాఫర్ పొరపాటున పై హాలుకి గానీ పోయాడేమోనని వెతకడానికెళ్ళా. కెమెరా ఆయనొకడు కనపడ్డాడు గానీ, పై పెళ్ళివాళ్ళ మనిషనుకున్నా" అంది. నన్ను చూపించి, "ఈయన్నీ అలాగే అనుకున్నా" అంది. నేనూ తనని అలాగే అనుకున్నాగా! తను మీ కోసం పైకెళ్ళింది, తన కోసం నేనెళ్ళా, నా కోసం మీరొచ్చారు. ఇందులో తప్పెవరిదో చెప్పండి?

ముందు అక్క ఏడ్చింది. తర్వాత ఫొటోలో నా పళ్ళు చూసి ఆపుకోలేక నవ్వింది. ఆ పైన నాతో, "నాకు డబ్బెందుకురా, ఫొటోలు కావాలి గానీ" అంది. కాబట్టి డబ్బు మీ దగ్గరే ఉంచి పని చెయ్యండి. ఆదివారం అక్కా బావా పెళ్ళిబట్టలు మళ్ళీ కట్టుకుంటారు. నాన్న ఈ పని కూడా నాకే అప్పగించాడు. హాలు మాట్లాడేశా. కింద హాలు. మెట్లు కనపడినా ఎక్కొద్దు.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క.: ఈసారి డబ్బిచ్చిన మొహం వెనక పడకండి. అక్క వెనక పడండి. నా మొహం ఎటు పోతుందో నాకే నమ్మకం లేదు, ఆ అమ్మాయి కూడా వస్తోంది.

ఇంకో తా.క.: స్కూటరు తీసుకురండి, బ్రేకులు ఊరికే బిగిస్తా. వచ్చేటప్పుడు పై హాలు అద్దెంతో కాస్త కనుక్కుని రండి. తొందరేం లేదు.