నా బల్ల మీద మీ దేవుళ్ళు

నల్లగండ్ల,
శుక్రవారం

అత్తమ్మకు,

రేఖ నమస్కరించి రాసేది. రాజమండ్రిలో జయంతి వదిన కొత్తింట్లో సామాన్లు సర్దే పనిలో మీకు ఊపిరాడటం లేదని తెలుసు. అయినా ఈ ఉత్తరం తీరిక చేసుకుని చదవండి. ఒకే ఇంట్లో ఉండే కోడలు ఉత్తరం రాయడమేమిటని ముక్కున వేలేసుకోకండి. ఫోన్లో చెబుదామంటే రవి స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటాడు. నేను అసలు విషయానికి వచ్చేసరికి మీరు "సరేనమ్మా, జాగ్రత్త" అని పెట్టేస్తారు. కాగితాన్ని అలా మధ్యలో పెట్టేయలేరు కదా.

నాకు చాలా కోపంగా ఉంది అత్తమ్మా. మీ మీదే.

మన ఇంట్లో పడకగదులు మూడు. ఒకటి మాది, ఒకటి మీదీ హర్షిణిదీ, మూడోది రవి ఆఫీసు గది. దానికో తలుపు, ఆ తలుపుకో గడియ. ఆయనగారు మీటింగులో ఉంటే కుక్కరు కూత వేయకూడదు, పాప గెంతకూడదు. నేనూ ఐటీలోనే ఉన్నాను. రవీ నేనూ ఒకే కంపెనీలో పక్కపక్క సీట్లలో పని నేర్చుకున్నవాళ్ళమే. కానీ ఇంటి నుంచి పనిచేసే రోజున నా ఆఫీసు మాత్రం భోజనాల బల్ల. ఒక పక్క మీరు చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటారు, ఇంకో పక్క హర్షిణి రంగులు పూస్తుంటుంది, మధ్యలో నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరికో లెక్కలు అప్పజెబుతుంటాను. ఒకసారి మా మేనేజరు "వెనక ఆ చప్పుడేంటి?" అని అడిగాడు. పోపు అని చెప్పలేక మ్యూట్ చేసుకున్నాను. భోజనాల వేళకు అన్నీ ఎత్తుకుని మంచం మీదికి, మంచం మీద రవి కునుకు తీస్తే బాల్కనీలోకి. పిల్లిపిల్లలా తిరిగాను ఇల్లంతా.

అందుకే ఆ బల్ల చేసుకున్నాను. కొనుక్కున్నాను అనడం లేదు చూడండి, చేసుకున్నాను అంటున్నాను. కొన్నది హైటెక్ సిటీ వైపున్న ఆ పెద్ద సామాన్ల దుకాణంలో అన్నిటికంటే చవకైన పుస్తకాల అర. అట్టపెట్టెలో ముక్కలుగా వస్తుంది, బొమ్మల కాగితం చూసి మనమే బిగించుకోవాలి. నేను ఆ కాగితం మాట సగమే విన్నాను. నడుమ అరలు బిగించకుండా వదిలేశాను. హర్షిణి పసిపిల్లప్పటి మంచం ఉందే, దాని పక్కచెక్కను కోసి, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసి, పొడుగాటి మడతబందుతో ఆ ఖాళీకి తగిలించాను. దించితే బల్ల, ఎత్తితే తలుపు. మొదటిసారి మడతబందు ఊడిపోయి చెక్క నా కాలి మీద పడింది, మీరే పసుపు రాశారు. ఆ చవక చెక్క రంపపు పొట్టును జిగురుతో అద్ది చేసింది, బరువు పడితే స్క్రూలను పట్టి ఉంచదు. అందుకని లోపల అసలైన చెక్కపట్టీ ఒకటి వేసి దానికి బిగించాను. రెండు పక్కలా గొలుసులు వేశాను. గిన్నెలు ఆరబెట్టే స్టాండులో ల్యాప్‌టాప్ నిలబెట్టాను. మసాలా సీసాల అరను అడుగున తగిలించి వైర్లన్నీ అందులో దాచాను. సాయంత్రం ఆ చెక్క ఎత్తి గడియ పెడితే నా ఆఫీసు మూసేసినట్టే. ఈ ఇంట్లో నేను గడియ పెట్టుకోగలిగింది అదొక్కటే.

మీరు చూసి ఏమన్నారో గుర్తుందా? "అట్టముక్కల సామాను, వానాకాలం వస్తే ఉబ్బిపోతుంది" అన్నారు. పోనీలే, పెద్దవారు అనుకున్నాను. కానీ ఆ గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులతోనే హాల్లో నిలబడిపోయాను. వంటింటి అలమరలో మిక్సీ పక్కన ఉండే దేవుళ్ళందరూ నా బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి కొలువుతీరారు. వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, మామయ్యగారు కాశీ నుంచి తెచ్చిన అన్నపూర్ణ. నా గిన్నెల స్టాండులో అగరుబత్తి పెట్టెలు. నా స్క్రీను, కీబోర్డు దుప్పట్లో చుట్టి వాషింగ్ మెషీన్ మీద. "హాల్లో ఇది ఈశాన్యం మూలమ్మా. నేను వచ్చేదాకా కదపకు, రోజూ దీపం పెట్టు" అన్నారు. మర్నాడు పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోయారు.

ఎవరితో చెప్పుకోను? ఎదురింటి సరోజమ్మ వచ్చి, "మంచిగ పెట్టిండ్రు. ఇగ తియ్యకు రేఖా, ఇంటికి మంచిది కాదు" అంది. హఫీజ్‌పేట్ వెళ్ళి మా అమ్మతో అంటే, "టేబులే గదా బిడ్డా. దేవుళ్లను లేపుతవా? జర మంచం మీద కూసొని చేస్కో, దానికింత పరేషాన్ ఎందుకు?" అంది. కన్నతల్లి! ఇక మీ అబ్బాయి, "దేవుళ్ళ సంగతి నన్నడక్కు" అని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ముఖం మాత్రం తన బల్లే పోయినట్టు పెట్టాడు.

రోజూ పొద్దున స్నానం చేసి, నా బల్ల ముందు నేనే నిలబడి, నన్ను అక్కణ్ణుంచి లేపేసిన వాళ్ళకు దీపం పెడుతున్నాను. దేవుళ్ళను అనడం లేదు. అలా అనుకున్నందుకు లెంపలు కూడా వేసుకున్నాను. నా బాధ మీతోనే. మీరు బతుకంతా ఇంటిపట్టునే ఉండిపోయిన మనిషి కాదు. రిటైరయ్యేదాకా ఆఫీసులో ఉద్యోగం చేసి, పిల్లల్ని పెంచి, ఇల్లు నడిపిన మనిషి. ఇంకెవరు చేసినా సరేలే అనుకునేదాన్ని. నిలబడి పనిచేయడానికి ఒక చోటు లేకపోతే ఎలా ఉంటుందో మీకు తెలియదా? ఒక్క మాట అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

వచ్చే వారం ఆదివారం దేవుళ్ళను తిరిగి వంటింటి అలమరలోకి చేరుస్తాను. ఈ ఉత్తరం మీ అనుమతి కోసం కాదు. మీరు లేనప్పుడు దొంగచాటుగా చేశాననే మాట నాకొద్దు. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, ఒకటో తారీకు నుంచి వారమంతా ఆఫీసుకే పోతాను. హర్షిణి స్కూలు బస్సూ, దాని ఆకలీ, ఆ దీపమూ మీరూ మీ అబ్బాయీ చూసుకోండి.

కోపంతోనే అయినా,
మీ కోడలు,
రేఖ


రాజమండ్రి,
బుధవారం

చిరంజీవి రేఖకు,

అమ్మణ్ణి ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం అందింది. జయంతి వంటింట్లో ఉండగా చదివాను. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నీ మీద కాదమ్మా, నా కొడుకు మీద. వాడు నీకు ఏమీ చెప్పలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఆ గురువారానికి ముందురోజు నువ్వు ఆఫీసులో ఉన్నావు. అన్నం తింటూ రవి అన్నాడూ, "అమ్మా, ఆ హాలు మూల రేపు ఖాళీ అవుతుంది. అక్కడ ఎక్సర్‌సైజు సైకిలు వేయిస్తున్నాను, కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోంది." "మరి రేఖ బల్లో?" అన్నాను. "అదా, బి బ్లాకు వేణు, వాళ్ళమ్మాయి చదువుకోడానికి కావాలని అడిగాడు, ఇచ్చేస్తున్నా. రేఖకి ముందే చెప్తే గొడవ. పోయాకైతే రెండ్రోజులు అరిచి ఊరుకుంటుంది" అన్నాడు.

అరిచి ఊరుకుంటుందిట! చేతిలో ముద్ద కంచంలో పడేశాను. తప్పురా అన్నాను. "నీకు తెలీదులేమ్మా" అన్నాడు. వాడి దృష్టిలో నాకు ఏదీ తెలీదు. నేను ఏడిస్తే వింటాడేమో కానీ ఏడవడం నాకు చేతకాదు. వాడు జంకేది ఒక్క దేవుడికే. పరీక్షల రోజుల్లో పటం ముందు గుంజీళ్ళు తీసిన వెధవ, ఇప్పటికీ ప్రమోషను ముందు కొబ్బరికాయ కొడతాడు. అందుకని మర్నాడు వాడు మీటింగని తలుపేసుకోగానే, అలమరలోంచి ఒక్కొక్కళ్ళనీ దింపి, నీ బల్ల మీద కూర్చోబెట్టి దీపం వెలిగించేశాను.

కాసేపటికి వేణు ఇంకో మనిషిని వెంటబెట్టుకుని బల్ల మోసుకుపోవడానికి వచ్చాడు. దీపం చూడగానే గుమ్మంలోనే చెప్పులు విప్పాడు. దండం పెట్టుకుని, నేనిచ్చిన అరటిపండు కళ్ళకద్దుకుని, "దేవుడి బల్ల మాకెందుకండీ పిన్నిగారూ, వద్దులెండి" అని వెళ్ళిపోయాడు. నీ మొగుడు బయటికొచ్చి గుడ్లప్పగించి చూశాడు. సైకిలు వద్దని ఆ దుకాణం వాళ్ళకి ఫోన్ చేసుకున్నాడు. నువ్వు చూసిన ఏడుపు ముఖం ఆ సైకిలు గురించి.

నీకెందుకు చెప్పలేదంటావు. తెల్లారితే రైలు. మీ ఇద్దరి మధ్యా నిప్పు రాజేసి నేను బండెక్కి పోవడం మర్యాద కాదనుకున్నాను. వాడితోనే, "నేను వచ్చేలోగా నువ్వే దానికి చెప్పి తప్పైందను, అప్పుడు దేవుళ్ళని తీస్తాను" అన్నాను. బుద్ధిగా తలూపాడు. ఇన్నాళ్ళూ నువ్వు నన్ను తిట్టుకుంటుంటే, కిక్కురుమనకుండా నా చీరకొంగు వెనక దాక్కున్నాడన్నమాట. నలభై దగ్గరపడుతున్న మనిషి!

నాకు తెలియదా అని అడిగావు. చెబుతాను విను. రవి పుట్టాక సెలవు అయిపోయి నేను కాకినాడలో మా ఆఫీసుకి తిరిగి వెళ్ళేసరికి నా టేబుల్ దగ్గర ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. "మీరు మళ్ళీ వస్తారనుకోలేదండి" అన్నారు అందరూ, నేనేదో తప్పు చేసి వచ్చినట్టు. బీరువాల సందులో స్టూలు వేసుకుని ఫైలు ఒళ్ళో పెట్టుకుని రాశాను. పచ్చి బాలింతని, నడుం నిలబడేది కాదు. ఒకరోజు ఆయన రాకముందే వెళ్ళి, టేబుల్ మీది అద్దం ఎత్తి, కింద వెంకటేశ్వరస్వామినీ అమ్మవార్లనీ వరసగా పరిచాను. రోజూ ఒక పువ్వు పెట్టడం మొదలెట్టాను. పాపం, దేవుడి ముఖం మీద మోచేతులు ఆనించి టీ తాగలేక ఆయనే వేరే చోటు వెతుక్కున్నాడు. నేను రిటైరయ్యేదాకా ఆ టేబుల్ జోలికి ఎవరూ రాలేదు. నేనేమంత భక్తురాలిని కాదు రేఖా. ఈ మాట సరోజమ్మతో అనకు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. నిన్ను అడగకపోవడం తప్పే. వాడు అడగలేదని వాణ్ణి తిట్టాను, నేనూ నీకు చెప్పకుండానే నీ స్క్రీను దుప్పట్లో చుట్టాను. ఇక అట్టముక్కలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇత్తడి విగ్రహాలన్నీ ఎక్కినా ఆ గొలుసు కిర్రుమనలేదు.

దేవుళ్ళని మళ్ళీ మిక్సీ పక్కన మాత్రం పెట్టకు. హాలుకి ఈశాన్యం ఆ మూలే కానీ, ఇంటికి ఈశాన్యం అది కాదు. ఆ గోడకి అవతల ఉన్న గది. ఆదివారం పొద్దున పదిలోపు మంచిది. ఇంతకంటే నేను చెప్పకూడదు, కన్నతల్లిని.

ఆశీస్సులతో,
అమ్మణ్ణి


నల్లగండ్ల,
ఆదివారం సాయంత్రం

రవీ,

ఆఫీసు పని ముగించుకుని బెంగళూరు నుంచి వచ్చి నీ గదిలోకి వెళ్ళబోతూ తలుపు మీద ఈ కాగితం చూస్తావు. లోపలికి వెళ్ళేముందు కాళ్ళు కడుక్కో.

అత్తమ్మ ఉత్తరం వచ్చింది. సైకిలు సంగతీ, వేణు సంగతీ తెలిసింది. నీకు నడుం నొప్పి అని నాతో ఒక్క మాట అంటే ఆ సైకిలుకు నేనే చోటు చూసి పెట్టేదాన్ని. ఆ అరను విప్పి ఇంకో నాలుగు రకాలుగా బిగించడం నాకు చేతనవును. నువ్వు అడగలేదు. నేను కోసి, రుద్ది, కాలి మీద వేసుకుని చేసుకున్నది ఎవరికో ఇచ్చేయడానికి నీకు నా మాటే అక్కరలేకపోయింది. అంతకంటే నీచమైంది ఇంకోటి చేశావు. నేను మీ అమ్మను రోజూ మనసులో తిట్టుకుంటూ దీపం పెడుతుంటే, నిజం తెలిసి కూడా పక్కనే కూర్చుని ఇడ్లీలు తిన్నావు. అత్తమ్మకు నేను రాసిన మాటలు వెనక్కి తీసుకోలేను. వాటికి అత్తమ్మకు నువ్వు కూడా క్షమాపణ బాకీ ఉన్నావు.

దేవుళ్ళు ఇప్పుడు నీ బల్ల మీద ఉన్నారు. ఇంటికి అసలు ఈశాన్యం నీ గదేనట. పొద్దున ముహూర్తానికి నేనూ హర్షిణీ తీసుకెళ్ళి పెట్టాం. సరోజమ్మ హారతి కళ్ళకద్దుకుని, "గిదే రైటు జాగ. ఇగ ఎవ్వరు కదపొద్దు" అంది. దేవుడి గదికి గడియ ఎందుకని అది విప్పేశాను. నీ స్క్రీన్లు రెండూ దుప్పట్లో చుట్టి వాషింగ్ మెషీన్ మీద పెట్టాను, దెబ్బ తగలకుండా జాగ్రత్తగానే. రేపు నీ మీటింగు భోజనాల బల్ల మీద పెట్టుకో. పోపు చప్పుడుకు మ్యూట్ ఎక్కడుందో నీకు తెలుసు.

నీకంటూ ఒక మూల కావాలంటే చేసుకో. ఆ దుకాణంలో చవక అరలు ఇంకా చాలా ఉన్నాయి, మడతబందులు కొత్తగూడలో దొరుకుతాయి. డ్రిల్ నా దగ్గరుంది. అడిగితే ఇస్తాను.

రేఖ